పల్లంలో తనంతట తానే పడే బ్రేకు

గుర్రబ్బండికి బ్రేకు చేసిన ఘనుణ్ణి నేను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు, నలుగురు కూర్చున్న చోట సరదాకి కూడా చెప్పలేదు. కంప్యూటర్ల మీద బతికినవాడికి గుర్రబ్బండితో ఏం పనిరా అని నవ్వుతారని మాత్రం కాదు. నవ్వితే బాగానే ఉండేది. ఆ బ్రేకు గురించి చెప్పాలంటే దాని వెనకాల జరిగింది కూడా చెప్పాలి. అక్కడికి వచ్చేసరికి నాకు నోరు పెగలదు.

తొంభైల చివర్లో మాట. మాదాపూర్ కొండల మీద అప్పుడప్పుడే అద్దాల మేడలు లేస్తున్నాయి. పొద్దున్నే బండలు పేల్చేవారు, మధ్యాహ్నానికి ఆ దుమ్ము మా టిఫిన్ డబ్బాల్లోకి చేరేది. నేను గోదావరి జిల్లా నుంచి మెకానికల్ డిప్లొమా పట్టుకుని వచ్చి అక్కడ ఒక చిన్న కంపెనీలో చేరాను. మా పని ఏమిటంటే, పరాయి దేశాల్లో వందేళ్ల కిందట ఎవరెవరో కనిపెట్టిన యంత్రాల బొమ్మలు మాకు స్కాన్ చేసి పంపేవారు. పేటెంటు హక్కు కోసం వాళ్లు అప్పట్లో సర్కారుకి సమర్పించుకున్న బొమ్మలవి. మేం వాటిని కంప్యూటర్లో గీతకి గీత మళ్లీ గీసి పంపాలి. బొమ్మలో ఉన్నదేమిటో అర్థం కావాల్సిన అవసరం లేదు. అర్థం చేసుకుందామని ఆగితే రోజుకి గీయాల్సినవి వెనకబడేవి, మేనేజరు వచ్చి కుర్చీ వెనక నిలబడేవారు.

నాకేమో అర్థం చేసుకోకపోతే తిన్నది అరగదు. నా అంత తెలివైనవాణ్ణి పట్టుకుని గీతలు దిద్దిస్తున్నారని లోపల్లోపల కుతకుతలాడిపోయేవాణ్ణి. ఆ వయసులో అందరికీ ఉండే పొగరే, నాకు కాస్త మోతాదు ఎక్కువ.

ఒక వారమంతా బండి బ్రేకుల బొమ్మలే వచ్చాయి. మోటార్లు లేని కాలంలో గుర్రాలు లాగే పెద్ద పెద్ద బండ్లు కొండ దిగేటప్పుడు వాటంతట అవే ఆగేలా ఎన్ని రకాలుగా తంటాలు పడ్డారో చూస్తే ముచ్చటేసింది. వాటిలో ఒకటి నన్ను పట్టుకుంది. గుర్రాన్ని మధ్యలో పెట్టి కట్టే రెండు పొడుగు కర్రల్ని, అంటే నొగలని, బండికి గట్టిగా బిగించరు. ఒక జానెడు మేర ముందుకీ వెనక్కీ జరిగేలా పెడతారు. గుర్రం లాగుతున్నంతసేపూ నొగలు ముందుకు సాగి ఉంటాయి, చక్రం మామూలుగా తిరుగుతుంది. పల్లం వచ్చి బండి మీదికి తోసుకొస్తే గుర్రం కాళ్లు నిలదొక్కుకుని వెనక్కి ఆనుకుంటుంది. అప్పుడు దాని పిరుదుల వెనకున్న తోలు పట్టీ నొగలని వెనక్కి లాగుతుంది, నొగలు ఒక ఇనప కమ్మీని నెడతాయి, కమ్మీ చెక్క దిమ్మల్ని చక్రాలకి అదుముతుంది. బండి ఎంత తోస్తే బ్రేకు అంత గట్టిగా పడుతుంది. మనిషి చెయ్యి పెట్టక్కర్లేదు.

మా ఆఫీసు రెండో అంతస్తు. కిటికీలోంచి చూస్తే కొండ మీది రోడ్డు ఏటవాలుగా దిగి, కింద కొత్తగా కడుతున్న కాలనీలోకి పోయేది. చందానగర్ నుంచి షాబాద్ బండలు వేసుకుని గుర్రబ్బండ్లు ఆ దారినే వచ్చేవి. లారీ తిరగని సందుల్లోకి అవే దిక్కు. వాటిలో ఒక బండాయనకి యాభై దాటి ఉంటాయి. ఆయనది ఎర్ర గుర్రం. దిగుడు మొదలయ్యే చోట ఆయన బండి ఆపి కిందికి దిగేవాడు. బండి వెనక గొలుసుకి ఒక రాతి దిమ్మ కట్టి నేల మీద ఈడ్చుకొచ్చేలా వదిలేవాడు. తర్వాత గుర్రం ముందుకి వచ్చి, కళ్లెం పట్టుకుని, దాని మొహంలోకి చూస్తూ, ఏదో మాట్లాడుతూ, తను వెనక్కి వెనక్కి నడుస్తూ దింపేవాడు. ఆ కాస్త దూరానికి పావుగంట పట్టేది. వెనకాల కార్లవాళ్లు హారన్లు మోగించేవారు.

నా కంప్యూటర్ తెరమీద బ్రేకు బొమ్మ ఉంది, కిటికీ బయట బ్రేకు లేని బండి ఉంది. ఇంక నేను ఊరుకుంటానా. ఒక మధ్యాహ్నం కిందికి వెళ్లి ఆయన్ని ఆపి, కాగితం మీద గీసి చూపించాను. ఆయనకి దాదాపు మా నాన్న వయసు. నేను మాత్రం చక్కగా "నువ్వు" అనే పిలిచాను. ఆఫీసులో అందరం బండ్లవాళ్లనీ కూలీలనీ అలాగే పిలిచేవాళ్లం, అందులో తప్పు ఉందని తోచను కూడా తోచలేదు.

"ఇది పెడితే నువ్వు దిగక్కర్లేదు, రాయి కట్టక్కర్లేదు. బండి మీద కూర్చుని రావచ్చు. బ్రేకు దానంతట అదే పడుతుంది."

ఆయన కాగితాన్ని తిరగేసి కూడా చూశాడు. "గుర్రం ఒప్పుకుంటదా సార్?"

"గుర్రం ఒప్పుకునేదేముంది? అది వెనక్కి ఆనుకుంటే చాలు."

"ఎనకకు నడుసుడుతోని మోకాళ్లు గుంజుతున్నయి" అన్నాడు మోకాలు రాసుకుంటూ. "సూద్దాం పట్టుండ్రి."

ఆ మోకాళ్ల నొప్పి వల్లే ఆయన ఒప్పుకున్నాడని నాకు తర్వాత అర్థమైంది. ఆ రోజు మాత్రం నా బొమ్మ చూసి ముగ్ధుడయ్యాడనే అనుకున్నాను.

జీడిమెట్లలో మా ఊరివాడొకడికి లేతు షెడ్డు ఉండేది. నాలుగు ఆదివారాలు అక్కడే గడిపి కమ్మీలు, దిమ్మలు, గైడ్లు తయారు చేయించాను. ఆయన బండికి పాత కారు టైర్లు ఉండేవి కాబట్టి దిమ్మలకి రబ్బరు తొడిగించాను. తోలు పట్టీ చెప్పులు కుట్టే ఆయన చేత కుట్టించాం. ఆ పట్టీ వెనక తగలగానే గుర్రం తన్నడం మొదలుపెట్టింది. రెండు రోజులు దగ్గరికి రానివ్వలేదు. బండాయన బండి లేకుండా ఉత్త పట్టీ కట్టి దాన్ని చందానగర్ సందుల్లో తిప్పి తిప్పి మూడో రోజుకి దారికి తెచ్చాడు. నా బొమ్మలో ఆ మూడు రోజులు లేవు.

మొదటిసారి పల్లంలో బ్రేకు పడిన రోజు మాత్రం నేను రోడ్డు మీద ఎగిరి గంతేశాను. ఎనిమిది బండలు వేసుకుని బండి నిదానంగా, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు దిగింది. బండాయన చక్రం పక్కన వంగి దిమ్మలు ముట్టుకుని చూశాడు, వేడెక్కి ఉన్నాయి.

"మంచిగనే చేసిండ్రు సార్" అన్నాడు. ఆయన అంతకంటే ఎక్కువ ఎవరినీ మెచ్చుకోడని అప్పటికి నాకు తెలుసు.

ఒక చిక్కు మిగిలింది. ఇంటి ముందు బండలు దించాలంటే బండిని వెనక్కి పోనివ్వాలి. గుర్రం వెనక్కి నెట్టగానే బ్రేకు పడిపోయి బండి కదలదు. పాత బొమ్మలో దీనికి ఏదో ఉపాయం ఉందిగానీ అది నాకు నచ్చలేదు. నా సొంత బుర్ర వాడి ఒక పిన్ను పెట్టాను. వెనక్కి పోయేటప్పుడు పిన్ను దూరిస్తే బ్రేకు పడదు. పని కాగానే పీకేయాలి. బండాయనకి రెండు రోజుల్లో అలవాటైంది. దూర్చడం, పీకడం అన్నీ ఆయనే చేసుకునేవాడు. అయినా దిగుడులో రాయి కట్టడం మానలేదు, ముందు నడవడం మానలేదు. కాకపోతే ఇప్పుడు గుర్రానికి మొహం పెట్టి వెనక్కి నడిచే బదులు కళ్లెం పట్టుకుని ముందుకి తిరిగి మామూలుగా నడిచేవాడు, మోకాళ్లు బాగున్నాయన్నాడు.

"బ్రేకు ఉన్నాక ఇంకా రాయి ఎందుకు?" అని విసుక్కునేవాణ్ణి.

"ఉండనియ్యిండ్రి సార్. అదేమన్న అన్నం అడుగుతదా?"

ఈ సంగతి మా మేనేజరు చెవిన పడింది. ఆయన చెడ్డవారు కాదు, హడావుడి మనిషి. పొద్దున కేకలేస్తే సాయంత్రానికి టీ తెప్పించే రకం. పరాయి దేశం నుంచి మాకు పని ఇచ్చే కంపెనీ ప్రతినిధి ఆ నెలలో వస్తున్నాడు. మీరు పంపిన పాత బొమ్మని మావాడు బతికించాడు చూడండి అని చూపిస్తే ఎంత బాగుంటుందన్నారు. నాకూ అంతకంటే బాగుంటుందనిపించింది. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

బండాయనకి ముందు రోజే చెప్పాను. రాయి తేవద్దు, ముందు నడవద్దు, బండి మీద కూర్చునే రావాలి. లేకపోతే ఆటోమేటిక్ అని ఎలా తెలుస్తుంది?

ఆయన తల గోక్కున్నాడు. "ముంగట నడిస్తే దానికి ధైర్యం సార్."

"ఒక్క రోజు. నా మాట విను."

విన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. గుర్రానికి బంతిపూల దండ వేసి, బండి మీద పది బండలు వేసుకొచ్చాడు. ఆఫీసువాళ్లంతా రోడ్డు మీద మూగేసరికి గుర్రం బెదిరి చెవులు విదిలించసాగింది. ఆయన పైన కూర్చుని పగ్గాలు పట్టుకుని దాన్ని బుజ్జగిస్తున్నాడు. ఇంతలో ఫోటో తీసేవాడు, వెనకాల మేడ పడట్లేదు, బండిని నాలుగడుగులు వెనక్కి పెట్టండి అన్నాడు. బండాయన దిగబోయాడు. నేను వద్దని చెయ్యూపి, ఆయన మళ్లీ గుర్రాన్ని బుజ్జగించడంలో పడగానే, నేనే వంగి పిన్ను దూర్చాను. బండి వెనక్కి వెళ్లింది. ఫోటో తీశారు. పిన్ను పీకుదామని మళ్లీ వంగబోతుంటే మేనేజరు నన్ను పిలిచారు. వచ్చినాయనకి యంత్రం ఎలా పని చేస్తుందో నువ్వే చెప్పు అన్నారు.

చెప్పాను. అంత బాగా ఇంగ్లీషు నేను అంతకుముందూ మాట్లాడలేదు, ఆ తర్వాతా మాట్లాడలేదు. వచ్చినాయన తలాడించాడు. నేను వెనక్కి కూడా చూడకుండా, సినిమా డైరెక్టరులా చెయ్యెత్తి పోనిమ్మన్నాను.

పల్లం మొదట్లో బండి బాగానే ఉంది. తర్వాత వేగం అందుకుంది. గుర్రం నిలదొక్కుకోవాలని చూసింది, పట్టీ బిగుసుకుంది, నొగలు కదల్లేదు. బండల బరువంతా దాని మీదికి వచ్చింది. కంకర మీద కాళ్లు జారాయి. బండాయన పగ్గాలు లాగుతూ ఏదో అరుస్తున్నాడు. మలుపు దగ్గర గుర్రం ముందుకి కూలింది, బండి పక్కకి ఒరిగింది, ఆయన ఎగిరి కాలువ పక్కన పడ్డాడు.

అందరికంటే ముందు పరిగెత్తింది నేనే. ఇది చెప్పుకోవడానికి గొప్పగా ఉంటుంది కానీ నేను పరిగెత్తింది ఆయన దగ్గరికి కాదు, గుర్రం దగ్గరికీ కాదు. బండి కిందికి వంగి చూశాను. పిన్ను దూర్చిన చోటే ఉంది.

 వెనకాల మేనేజరు, ఆ పరాయి దేశపాయన, ఆఫీసు మొత్తం దిగి వస్తున్నారు. బండాయన మోచేతులు గీరుకుపోయి, నడవలేక నడుస్తూ వచ్చాడు.

"బ్రేకు పడలేదేంది సార్?" అన్నాడు.

నేను పిన్ను చూపించాను. "నువ్వు పిన్ను తీయలేదు."

అంతే అన్నాను. గట్టిగా కూడా అనలేదు. ఆయన వంగి చూశాడు.  రోజూ తీసేది తనే కదా, ఆ గోలలో ఎవరు దూర్చారో, ఎవరు తీయాలో ఆయన బుర్రకి అందలేదు. "అయ్యో" అన్నాడు మెల్లగా, "మర్సిన్నా?" అన్నాడు. తర్వాత గుర్రం దగ్గరికి వెళ్లి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మేనేజరు నన్ను చూసి ఏమైందని కనుబొమలు ఎగరేశారు. డ్రైవరు పొరపాటు అని ఇంగ్లీషులో చెప్పాను.

పశువుల దవాఖాన నుంచి డాక్టరు వచ్చేసరికి మూడైంది. ముందు కాలు రెండు చోట్ల విరిగిందనీ అతకదనీ చెప్పాడు. బాధ లేకుండా ప్రాణం పోవడానికి సూది వేశాడు. గుర్రం మెడలో బంతిపూల దండ ఇంకా అలాగే ఉంటే, బండాయనే దాన్ని విప్పి పక్కన పెట్టాడు. నేను ఆఫీసు కిటికీలోంచి చూస్తున్నాను. కిందికి దిగలేదు.

మర్నాడు మేనేజరు పిలిపించారు. ఉద్యోగం అయిపోయిందనుకునే వెళ్లాను. ఇంక గుర్రాల జోలికి పోవద్దన్నారు, బండాయనకి ఆఫీసు తరఫున ఏదో ఒకటి ఇప్పించానన్నారు, నాకు టీ తెప్పించారు. కొత్త బొమ్మల కట్ట చేతికిచ్చారు. అవి కుట్టు మిషన్ల బొమ్మలు.

వారం తిరక్కుండా బండాయన ఆఫీసు గేటు దగ్గరికి వచ్చాడు. నన్ను చూడగానే చేతులు జోడించాడు. తిట్టడానికి వచ్చాడేమోనని భయపడుతూ దిగినవాణ్ణి, ఆ దండం చూసి ఇంకా కుంచించుకుపోయాను.

చందానగర్లో రోడ్డు పక్కన వాళ్ల బండ్లు ఆగే అడ్డా ఉంది. ఆ అడ్డాలో ఒక కట్టుబాటు ఉందట. ఎవరి గుర్రమైనా రోగం వచ్చో, ముసలిదయ్యో, దెబ్బ తగిలో పోతే, అతను ఇంకో గుర్రం సంపాదించుకునేదాకా మిగిలినవాళ్లు రోజుకొకరు చొప్పున తమ బండీ గుర్రమూ అతనికి ఇస్తారు. ఆ రోజు కిరాయి అతనిదే. దాన్ని వంతు అంటారు. కానీ సొంత నిర్లక్ష్యంతో గుర్రాన్ని పోగొట్టుకున్నవాడికి వంతు లేదు. ఒకసారి అడ్డా పెద్ద ఆ మాట అనేస్తే ఇంక అతని చేతికి ఎవరూ పగ్గం ఇవ్వరు.

"పిన్ను నేనే మరిసిన సార్, కాదంటలేను" అన్నాడు. "కని మిషను కొత్తది, చెయ్యి తిరగలే, ఎవ్వలకైన గట్లనే అయితుండె అని మీరొచ్చి జర ఒక్క మాట చెప్పుండ్రి. సదువుకున్నోళ్ల మాట వింటరు. గుర్రం లేకుంటె నాకు ఇంకో పని రాదు సార్."

వెళ్లాను. ఆ సాయంత్రం ఐదింటికి అడ్డాలో పది పదిహేను మంది బండ్ల చక్రాల మీద, అరుగుల మీద కూర్చుని ఉన్నారు. అడ్డా పెద్ద నాకు కుర్చీ వేయించాడు. తెల్ల మీసాల మనిషి, బండాయనకి వరసకి మామ. నెమ్మదిగా అడిగాడు.

"మిషన్ల ఏమన్న లోపం ఉండెనా సార్?"

ఆ ఒక్క క్షణం నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఉద్యోగానికి ముప్పు లేదని అప్పటికే తెలుసు. లోపం ఉంది, పిన్ను పెట్టిన పద్ధతే తప్పు, పైగా దాన్ని మర్చిపోయింది నేను అని చెప్తే అక్కడ నన్ను కొట్టేవాళ్లెవరూ లేరు. అయినా వాళ్ల ముందు కుర్చీలో కూర్చుని, చదువుకున్న సారుగా, నా యంత్రంలో తప్పుంది అనడానికి నా నోరు రాలేదు.

"మిషన్లో లోపమేమీ లేదండి" అన్నాను.

"పిన్ను తీసుడు ఎవ్వరి పని?"

"రోజూ ఆయనే తీసేవాడండి. కొత్త మిషను కదా, అలవాటు తక్కువ."

చివరి ముక్క బండాయన అడిగినందుకు చేర్చాను. సాయం చేశానని కూడా అనుకున్నాను, సిగ్గు లేకపోతే సరి. అడ్డా పెద్ద మీసం దువ్వుకుని, రోజూ తీసేటోడు అలవాటు లేనోడు ఎట్లయితడు సార్ అన్నాడు. ఇంక వంతు మాట ఎవరూ ఎత్తలేదు. బండాయన నన్ను బస్టాపు దాకా సాగనంపి, మంచిగ చెప్పిండ్రు సార్ అన్నాడు.

ఆ తర్వాత ఆయన ఆ రోడ్డు మీద కనబడలేదు. మొదట్లో రోజూ కిటికీలోంచి వెతికేవాణ్ణి, తర్వాత నా కుర్చీ అటు తిరిగి లేని చోటికి మార్పించుకున్నాను. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదని రాస్తే అబద్ధం, బాగానే పట్టేది. గుర్తొచ్చినప్పుడు మాత్రం, ఒంటరిగా ఉన్నా సరే, చెవులు వేడెక్కేవి.

మరుసటి ఏడాది వానలు తగ్గాక మణికొండలో కిరాయికి ఇల్లు చూడ్డానికి వెళ్లాను. కొత్తగా కట్టిన నాలుగంతస్తుల ఇల్లు. గేటు తీసింది ఆయనే. ఖాకీ చొక్కా వదులుగా ఉంది, మనిషి చిక్కిపోయాడు.

"బాగున్నరా సార్?" అన్నాడు, నిజంగా సంతోషపడుతూ. పక్కన ఇంకో వాచ్‌మన్ ఉంటే అతనికి నన్ను చూపించాడు. "చెప్పలేదా నీకు, గుర్రం బండికి మిషను చేసిన సారు. మిషను మస్తు మంచిది. నేనే ఖరాబు చేసిన."

నేను అక్కడే పిట్టగోడ మీద కూర్చున్నాను. నీళ్లు తెమ్మంటారా అని అడిగాడు. వద్దన్నాను. రెండో వాచ్‌మన్ మోటారు వేయడానికి లోపలికి వెళ్లేదాకా ఆగి, చెప్పేశాను.

"పిన్ను మీరు మర్చిపోలేదు. ఆ రోజు దూర్చింది నేను. తీయాల్సిందీ నేనే. మర్చిపోయింది నేను."

 ఆయన గేటు గొళ్లెం పెట్టి మళ్లీ తీశాడు.

"మస్తు సార్లు యాది చేసుకున్న సార్" అన్నాడు చివరికి. "దిగిన్నా? పిన్ను పెట్టిన్నా? అని. పెట్టినట్టు యాదికి రాకపోతుండె. పెట్టకుంటె ఎట్ల ఉంటది, నేనే పెట్టి ఉంట అనుకుని ఊకున్న. ముసలితనం వచ్చింది, మతి పోతున్నది అనుకున్న. ఇంట్ల గుడ అదే అన్నరు."

క్షమించమని అడిగాను.  "ఈ ముచ్చట అడ్డల చెప్తరా?" అని మాత్రం అడిగాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆయనకి డ్యూటీ లేదు. ఇద్దరం బస్సెక్కి చందానగర్ వెళ్లాం. అడ్డా ఉన్న చోట సగం రోడ్డులో పోయింది. మిగిలిన సగంలో ట్రాలీ ఆటోలు నిలబడి ఉన్నాయి, చివర్న రెండే రెండు గుర్రబ్బండ్లు. అడ్డా పెద్ద అక్కడే ఉన్నాడు. ఈసారి కుర్చీ లేదు, ఉన్నా కూర్చునేవాణ్ణి కాదు. ఆయన ముందు, ఇంకో బండివాడి ముందు, ఇద్దరు ఆటోవాళ్ల ముందు నిలబడి మొత్తం చెప్పాను. పిన్ను సంగతి, కింద వంగి చూసిన సంగతి, ఆ సాయంత్రం ఇదే చోట కూర్చుని చెప్పిన రెండు మాటల సంగతి.

అడ్డా పెద్ద విన్నాడు. నా వైపు చూడకుండా బండాయన వైపు తిరిగాడు.

"రేపు నా బండి తీస్కపో. రేపటి సంది నీకు వంతు ఉన్నది. ఇద్దరమే మిగిలినం, రోజూ ఇయ్యలేం, దినం తప్పి దినం ఇస్తం."

బండాయన ఆ గుర్రం దగ్గరికి వెళ్లి మెడ మీద చెయ్యి వేశాడు. అది తల తిప్పి ఆయన భుజం వాసన చూసింది. 

"రేపు పొద్దుగాల ఆరింటికి డ్యూటీ ఉన్నది మామా" అన్నాడు. "దినం తప్పి దినం వస్తనంటె ఆ ఇంటోళ్లు ఉంచుకోరు."

అడ్డా పెద్ద తలూపాడు. బండికి ఆనుకుని బీడీ ముట్టించుకుని, అప్పుడు నన్ను చూశాడు. కోపంగా లేడు. నిజంగా తెలుసుకోవాలని ఉన్నవాడిలా అడిగాడు.

"గా దినమే చెప్తే నీ నౌకరి పోతుండెనా?"

బండాయన కూడా గుర్రం మీద చెయ్యి తీయకుండానే నా వైపు తిరిగి చూశాడు. పోయేదని చెప్పాలని ఎంత అనిపించిందో చెప్పలేను. అవునంటే ఆయనకి కూడా కాస్త ఊరటగా ఉండేదేమో, తన గుర్రమూ తన బతుకూ కనీసం ఒకరి ఉద్యోగాన్నైనా కాపాడాయని.

"పోయేది కాదండి" అన్నాను.